కోచ్ సర్టిఫికేట్‌కు డబ్బు కట్టే ముందు



పదిహేను, ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసినవాళ్లలో చాలామందికి ఏదో ఒక రోజు ఒక ఆలోచన తడుతుంది. ఇన్నాళ్లూ పదిమందిని నడిపించాను, కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పాను, ఆఫీసులో ఎవరికి ఏ చిక్కు వచ్చినా నా దగ్గరికే వచ్చి చెప్పుకున్నారు, ఇదే పనిని వృత్తిగా పెట్టుకుంటే ఎలా ఉంటుందని. ఒక్కసారి ఇంటర్నెట్‌లో వెతికితే చాలు, మర్నాటి నుంచి ఫోన్ నిండా ప్రకటనలే. లైఫ్ కోచ్, ఎగ్జిక్యూటివ్ కోచ్, లీడర్‌షిప్ కోచ్. మూడు రోజుల్లో సర్టిఫికేట్ అని ఒకరు, ఆరు నెలల్లో అని ఇంకొకరు, ఆదివారం లోపల కడితే ఫీజులో తగ్గింపు అని మరొకరు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో మేనేజర్లు, పిల్లల కోసం ఉద్యోగం మానేసి మళ్లీ ఏదైనా మొదలుపెట్టాలనుకుంటున్న ఆడవాళ్లు, రిటైరైన బ్యాంకు అధికారులు, అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు, వీళ్లందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. ఆ సర్టిఫికేట్‌కు అంత డబ్బు పెట్టవచ్చా?

ఈ ప్రసంగం వాళ్ల కోసం. ప్రవేశ పరీక్షల కోచింగ్ గురించి కాదు, ఆటల కోచ్‌ల గురించీ కాదు. ఒక మనిషి తన ఉద్యోగం గురించో, వ్యాపారం గురించో, తేలని ఒక నిర్ణయం గురించో గంటసేపు మాట్లాడుతుంటే ఎదురుగా కూర్చుని, అతని ఆలోచన అతనికే తేటపడేలా ప్రశ్నలు వేసే వృత్తి గురించి. నేను చాలాకాలం కంపెనీల్లో మానవ వనరుల విభాగంలో పనిచేశాను. పై స్థాయి మేనేజర్ల కోసం బయటి నుంచి కోచ్‌లను ఎంపిక చేసే పని నా మీద ఉండేది. ఆ విధంగా ఈ సర్టిఫికేట్లను కొనుక్కున్నవాళ్ల వైపు నుంచి కాకుండా, చేతిలోకి తీసుకుని చూసేవాళ్ల వైపు నుంచి ఎరుగుదును.

మొదట తెలుసుకోవలసింది, మన దేశంలో కోచ్‌గా పనిచేయడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ నమోదు కావాలి. వకీలుకు బార్ కౌన్సిల్ కావాలి. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. కోచ్‌కు అలాంటిదేమీ లేదు. అమెరికాలోనూ లేదు. అందువల్ల ఈ రంగంలో ఎవరైనా ఒక సంస్థ పెట్టవచ్చు, ఎవరికైనా సర్టిఫికేట్ ఇవ్వవచ్చు. ఆ కాగితానికి విలువ ఎంత ఉందో తేల్చేది ప్రభుత్వం కాదు. దాన్ని చూసి మీకు పని ఇచ్చే మనిషి.

ఈ వృత్తి ఎలా పుట్టిందో కాస్త తెలిస్తే అందులో అసలు నేర్చుకోవలసింది ఏమిటో అర్థమవుతుంది. టిమోతీ గాల్వే అనే అమెరికన్ టెన్నిస్ శిక్షకుడు 1974లో ‘ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్’ అనే పుస్తకం రాశాడు. రాకెట్ ఇలా పట్టు, మోచెయ్యి అలా తిప్పు అని చెప్పేకొద్దీ నేర్చుకునేవాడి ఒళ్లు బిగుసుకుపోతోందని ఆయన గమనించాడు. అలా చెప్పడం తగ్గించి, ఒక చిన్న పని అప్పగించాడు. బంతి నేలకు తగిలినప్పుడు ‘బౌన్స్’ అను, రాకెట్‌కు తగిలినప్పుడు ‘హిట్’ అను. అంతే. తప్పు చేస్తానేమోనన్న బెదురు పోయి చూపు బంతి మీద నిలిచేసరికి ఆట మెరుగుపడింది. కారు పందేల్లో పేరు తెచ్చుకున్న సర్ జాన్ విట్‌మోర్ ఈ పద్ధతిని బ్రిటన్‌లో కంపెనీల్లోకి తీసుకువెళ్లాడు. ఆయన పుస్తకం ‘కోచింగ్ ఫర్ పెర్ఫార్మెన్స్’ 1992లో వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో థామస్ లియొనార్డ్ అనే ఆర్థిక సలహాదారు కోచ్‌లకు శిక్షణ ఇచ్చే సంస్థ మొదలుపెట్టాడు. 1995లో ఇంటర్నేషనల్ కోచ్ ఫెడరేషన్ స్థాపించిందీ ఆయనే. ఇప్పుడు దాని పేరు ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్. అందరూ ఐసీఎఫ్ అంటారు. యూరప్‌లో ఇలాంటిదే ఈఎంసీసీ అనే సంస్థ ఉంది గానీ, మన కంపెనీల్లో ఎక్కువగా వినిపించే పేరు ఐసీఎఫ్.

ఐసీఎఫ్ గుర్తింపులో మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది ఏసీసీ. దానికి కనీసం 60 గంటల శిక్షణ, 10 గంటల మెంటార్ కోచింగ్ (అనుభవమున్న కోచ్ మీ సంభాషణలను విని సరిదిద్దడం), 100 గంటలు నిజంగా మనుషులతో కూర్చుని కోచింగ్ చేసిన అనుభవం ఉండాలి. ఆ 100లో 75 గంటలకు ఎంతో కొంత ప్రతిఫలం పుచ్చుకుని ఉండాలి. తర్వాతది పీసీసీ. 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం, అందులో 450 గంటలు డబ్బు తీసుకుని చేసినవి. పై మెట్టు ఎంసీసీ. దానికి 2,500 గంటల అనుభవం కావాలి. వీటితోపాటు మీరు కోచింగ్ చేసిన తీరును నిపుణులు మదింపు చేస్తారు, పరీక్ష కూడా ఉంటుంది. వచ్చిన గుర్తింపు మూడేళ్లే చెల్లుతుంది. నిలుపుకోవాలంటే ఆ మూడేళ్లలో 40 గంటలు మళ్లీ చదువుకోవాలి. ఏసీసీ వాళ్లయితే 10 గంటల మెంటార్ కోచింగ్ కూడా మళ్లీ తీసుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. శిక్షణ సంస్థ ఇచ్చే సర్టిఫికేట్ వేరు, ఐసీఎఫ్ ఇచ్చే గుర్తింపు వేరు. సంస్థ వారు కోర్సు అయిపోగానే ‘సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోచ్’ అని ఒక కాగితం ఇస్తారు. మీరు వారి క్లాసులకు వచ్చారని, పూర్తి చేశారని మాత్రమే దాని అర్థం. ఏసీసీ అనే మూడక్షరాలు పేరు పక్కన పెట్టుకోవాలంటే ఆ 100 గంటలు, ఆ పరీక్ష మీరు విడిగా పూర్తి చేయాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. ప్రకటనలో ఐసీఎఫ్ ముద్ర కనిపించినంత మాత్రాన అది ఏసీసీకి నేరుగా తీసుకువెళ్లే కోర్సు కానక్కర్లేదు. ఇప్పటికే గుర్తింపు ఉన్నవాళ్లు దాన్ని నిలుపుకోవడానికి చేసే చిన్న కోర్సులకు కూడా ఐసీఎఫ్ ఆమోదం ఉంటుంది. కొత్తవాళ్లు చూడవలసినవి ‘లెవెల్ 1’, ‘లెవెల్ 2’ అనే ఆమోదాలు. సంస్థ పేరు ఐసీఎఫ్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో మీరే వెతికి చూడండి. అమ్మేవాళ్ల మాట మీద ఆగకండి.

సరే, మరి ఈ కాగితాన్ని ఎవరు చూస్తారు?

పెద్ద కంపెనీలు చూస్తాయి. ఒక వైస్ ప్రెసిడెంటుకు కోచ్‌ను పెట్టాలనుకున్నప్పుడు మా దగ్గరికి పాతిక, ముప్ఫై ప్రొఫైళ్లు వచ్చేవి. వాటిలో సగాన్ని పక్కన పెట్టడానికి ఒక గీత కావాలి. ఆ గీత చాలాసార్లు పీసీసీ. అది లేనివాళ్లు పనికిరారని మా ఉద్దేశం కాదు. అంతమందిని కూర్చోబెట్టి మాట్లాడే తీరిక ఉండదు, రేపు పైవాళ్లు ‘ఈయన్ని ఎలా ఎంచుకున్నారు?’ అంటే చెప్పడానికి ఒక ఆధారం ఉండాలి. ఆ గీత దాటాక మాత్రం మేము చూసేది సర్టిఫికేట్‌ను కాదు. ఈ మనిషి ఎక్కడ పనిచేశాడు, ఎలాంటి బాధ్యతలు మోశాడు, మా వైస్ ప్రెసిడెంటు ఈయన ముందు మనసు విప్పగలడా అని చూస్తాం. కాబట్టి కంపెనీల నుంచి పని తెచ్చుకోవాలన్నది మీ లక్ష్యమైతే గుర్తింపు అవసరమే. అది కూడా మొదటి మెట్టు దగ్గర ఆగితే తరచుగా చాలదు. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు పీసీసీ దాకా పట్టే కాలాన్ని, డబ్బును లెక్కలోకి తీసుకోవాలి.

విడిగా వచ్చే మనుషుల సంగతి వేరు. వరంగల్‌లో సొంత దుకాణం పెట్టుకోవాలా వద్దా అని మథనపడుతున్న అమ్మాయి మిమ్మల్ని ఏసీసీయా పీసీసీయా అని అడగదు. ఆమెకు ఆ అక్షరాలు తెలియవు. మీ గురించి ఎవరు చెప్పారు, వాళ్లకు మీవల్ల ఏం మేలు జరిగింది అని అడుగుతుంది. మన వైపు ఏ సేవ అయినా ఇలాగే నోటి మాట మీద నడుస్తుంది. ఆపిల్‌లో స్టీవ్ జాబ్స్‌కూ, గూగుల్‌లో ఎరిక్ ష్మిట్‌కూ కోచ్‌గా ఉన్న బిల్ క్యాంప్‌బెల్ ఒకప్పుడు కొలంబియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. తర్వాత ఇన్‌ట్యూట్ కంపెనీకి సీఈఓ. ఆయన్ని వాళ్లు నమ్మింది ఆ అనుభవాన్ని చూసి. అలాగని అందరం క్యాంప్‌బెల్‌లం కాలేం. సర్టిఫికేట్ తలుపు దగ్గరే పని చేస్తుందని, గదిలోకి అడుగుపెట్టాక మనిషే పని చేయాలని చెప్పడానికే ఆయన పేరు తెచ్చాను.

ఇప్పుడు డబ్బు. కోర్సుల ఫీజులు లక్ష దగ్గర మొదలై మూడు, నాలుగు లక్షల దాకా ఉండటం నేను చూశాను. లెక్క కోసం 2 లక్షలు అనుకుందాం. ప్రకటనలో చిన్న అక్షరాల్లో ‘ప్లస్ జీఎస్టీ’ అని ఉంటుంది. 18 శాతం అంటే 36,000. మొత్తం 2,36,000. ఐసీఎఫ్‌కు కట్టే దరఖాస్తు రుసుము, సభ్యత్వం డాలర్లలో ఉంటాయి, వాటిని ప్రస్తుతానికి పక్కన పెడదాం. కొత్త కోచ్‌గా మీకు గంటకు 2,000 రూపాయలు వచ్చాయనుకోండి. పెట్టుబడి తిరిగి రావడానికి 118 గంటలు పడుతుంది. వారానికి రెండు గంటల పని దొరికితే ఏడాది దాటుతుంది. అదీ వారం వారం తప్పకుండా దొరికితేనే. మొదటి ఏడాది మీ గంటల్లో ఎక్కువ భాగం స్నేహితుల స్నేహితులతో, నామమాత్రపు రుసుముకు గడుస్తాయి. గంటకు 500 ఇచ్చినా సంతోషించే రోజులవి.

ఆ పైన పోటీ. ఐసీఎఫ్ చేయించిన అధ్యయనం ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద కోచ్‌ల సంఖ్య దాదాపు 71,000. 2023లో వెలువడిన అధ్యయనంలో అది 1,09,200. ఇంతమంది చేరుతున్నారంటే రంగం పెరుగుతోందని ప్రకటనలు చెబుతాయి. నిజమే, పెరుగుతోంది. అయితే ఈ రంగంలో నిలకడగా సంపాదిస్తున్నవాళ్లలో కోచింగ్ చేసేవాళ్ల కంటే, కోచ్ కావాలనుకునేవాళ్లకు కోర్సులు అమ్మేవాళ్లే నాకు ఎక్కువగా కనిపించారు. ఇది చెప్పేటప్పుడు నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ కోర్సుల్లో నిజాయితీగా నేర్పేవి ఉన్నాయి. కానీ ప్రావిడెంట్ ఫండ్ తీసి ఫీజు కట్టి, ఏడాది తిరిగేసరికి ఒక్క క్లయింటు కూడా లేక, చివరికి తామూ అదే కోర్సును ఇతరులకు అమ్మడంలోకి దిగిన మనుషుల్ని చూశాను. అందుకే గట్టిగా చెబుతున్నాను, ఈ కోర్సు కోసం అప్పు చేయకండి. నెలసరి వాయిదాల మీద ఇస్తామన్నా తీసుకోకండి. పోయినా ఇల్లు కదలని డబ్బు ఉంటేనే పెట్టండి.

ఇంత విన్నాక ఇది దండగ అని మీకు అనిపించవచ్చు. నా అభిప్రాయం అది కాదు. మంచి కోర్సులో దొరికేది ఒకటుంది, అది ఒంటరిగా పుస్తకాలు చదివితే రాదు. దాని గురించి కాస్త వివరంగా చెబుతాను.

మన ఇళ్లలో సలహా ప్రేమకు గుర్తు. సంబంధం చూడాలన్నా, స్థలం కొనాలన్నా, పిల్లవాణ్ణి ఏ కాలేజీలో చేర్చాలన్నా మేనమామ నుంచి ఎదురింటి పిన్నిగారి దాకా అందరూ తలో మాట చెబుతారు. చెప్పకపోతే పట్టించుకోలేదని నిష్ఠూరం. అలా పెరిగిన మనం ఎవరైనా కష్టం చెప్పుకుంటే మూడో వాక్యానికే పరిష్కారం అందిస్తాం. ఆఫీసులో మేనేజర్ అయ్యాక ఆ అలవాటు ఇంకా ముదురుతుంది, ఎందుకంటే వెంటనే జవాబు చెప్పినందుకే మనకు ప్రమోషన్లు వచ్చాయి. కోచింగ్‌లో ఈ అలవాటే పెద్ద అడ్డంకి. దాన్ని మనంతట మనం గుర్తించలేం.

మెంటార్ కోచింగ్‌లో జరిగేది ఇది. మీరు చేసిన సంభాషణను, క్లయింటు అనుమతితో, రికార్డు చేసి ఇస్తారు. అనుభవమున్న కోచ్ దాన్ని వింటారు. ఉదాహరణకు క్లయింటు, ‘మా బాస్‌తో ఈ విషయం ఎత్తాలంటే భయంగా ఉందండి’ అంది. మీరు, ‘ఒకసారి నేరుగా మాట్లాడి చూస్తే బాగుంటుంది కదా?’ అన్నారు. ప్రశ్నే వేశానని మీరు అనుకుంటారు. మెంటార్ అక్కడ ఆపి, ఇది ప్రశ్న రూపంలో ఉన్న సలహా అంటారు. మళ్లీ వినిపిస్తారు. భయం అన్న తర్వాత ఆమె ఒక్క క్షణం ఆగింది. ఇంకేదో చెప్పబోయింది. ఆ మౌనాన్ని మీరు భరించలేక మాట్లాడేశారు. ఆ భయం దేనిని గురించో, బాస్‌ను గురించా, ఉద్యోగం పోతుందనా, ఇంట్లో ఏమంటారనా, మీకు ఇప్పటికీ తెలియదు. మీ గొంతును మీరే వింటూ, మీ తొందరను మీరే పట్టుకోవడం చాలా ఇబ్బందిగా ఉంటుంది. అలాంటివి కొన్ని జరిగాక మనిషి మారతాడు. ఇంట్లో భార్యతో మాట్లాడే తీరు, కాలేజీ పిల్లలతో మాట్లాడే తీరు కూడా మారిందని నాతో చెప్పినవాళ్లున్నారు. నన్నడిగితే ఫీజులో నిజమైన విలువ ఈ గంటలకే ఉంది.

పరిశోధన కూడా ఈ వైపే చూపిస్తోంది. కోచింగ్ ఫలితాల మీద ఏళ్లుగా పనిచేస్తున్న ఎరిక్ డి హాన్ తన సహచరులతో 2013లో ఒక అధ్యయనం ప్రచురించాడు. కోచింగ్‌వల్ల మేలు జరిగిందని క్లయింట్లు చెప్పడానికీ, కోచ్‌తో తమకు కుదిరిన పని సంబంధానికీ గట్టి ముడి ఉందని అందులో తేలింది. మనిషితో నమ్మకం కుదరడమన్నది సిలబస్ మోతతో రాదు, పైన చెప్పిన సాధనతో వస్తుంది. అందువల్ల ఏ సంస్థనైనా మీరు మొదట అడగవలసింది ఫీజు గురించి కాదు. నా సంభాషణలను రికార్డింగులో ఎవరు వింటారు, ఎన్నిసార్లు వింటారు, ఒక బృందంలో ఎంతమందిని కూర్చోబెడతారు, ఆ మెంటార్‌కు స్వయంగా ఏ గుర్తింపు ఉంది? దీనికి తడుముకోకుండా జవాబు చెప్పే సంస్థ బాగుంటుంది. కోర్సులో 10 గంటల మెంటార్ కోచింగ్ కలిసి ఉందా, దానికి విడిగా డబ్బు కట్టాలా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.

ఉద్యోగంలోనే ఉండి, జట్టును మరింత బాగా నడపాలని మాత్రమే కోరుకునేవాళ్లకు ఒక మాట. మీకు గుర్తింపు అక్కర్లేదు, నైపుణ్యం కావాలి. గూగుల్ తన మేనేజర్ల మీద ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ అనే పరిశీలన జరిపినప్పుడు, మంచి మేనేజరు లక్షణాల్లో మొదట నిలిచింది మంచి కోచ్‌గా ఉండటం. మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల సారథ్యంలో మైక్రోసాఫ్ట్ తన మేనేజర్ల నుంచి ఆశించే మూడింటిలో కోచింగ్ ఒకటి. మిగతా రెండు, తాను ఆచరించి చూపడం, మనుషుల బాగోగులు పట్టించుకోవడం. మీ కంపెనీ శిక్షణ విభాగాన్ని అడగండి. చాలా కంపెనీలు ఇలాంటి కోర్సులకు తామే ఖర్చు పెట్టుకుంటాయి. పైగా, ఉద్యోగ బాధ్యతలో భాగంగా కంపెనీ లోపల చేసే కోచింగ్‌ను ఐసీఎఫ్ ప్రతిఫలం తీసుకున్న గంటలుగానే లెక్కిస్తుంది. రేపు మనసు మారి గుర్తింపు కావాలనుకున్నా ఆ గంటలు వృథా పోవు.

అన్నిటికంటే ముఖ్యమని నేను భావించేది చాలా కోర్సుల ప్రకటనల్లో కనిపించదు. కోచ్ వైద్యుడు కాదు. నిద్రపట్టడం లేదని, బతకాలనిపించడం లేదని చెప్పే మనిషి మీ ముందు కూర్చుంటే అక్కడ కోచింగ్ ఆగిపోవాలి. మంచి కోర్సు ఆ హద్దును ఎలా గుర్తించాలో, ఆ మనిషిని నొప్పించకుండా సైకియాట్రిస్టు దగ్గరికో సైకాలజిస్టు దగ్గరికో ఎలా పంపాలో నేర్పుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. కోచ్ కావాలనుకునే ప్రతివారి దగ్గరా ఆ నంబరు ఉండాలి. మూడు రోజుల్లో మనసు గాయాలన్నీ మాన్పడం నేర్పుతామనే కోర్సుకు మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టకండి. దానివల్ల నష్టపోయేది మీరొక్కరే కాదు, రేపు మిమ్మల్ని నమ్మి వచ్చే మనిషి కూడా.

ఇంతకీ కట్టాలా వద్దా ఎలా తేల్చుకోవాలి? నేను చెప్పేది ఒక్కటే పద్ధతి. ఏమీ కట్టక ముందే, మీకు దగ్గరి బంధువులు కాని ఒక పదిమందిని అడగండి. నేను ఈ పని నేర్చుకుంటున్నాను, మీ ఉద్యోగ విషయంలో గాని వ్యాపార విషయంలో గాని నాలుగుసార్లు గంట చొప్పున కూర్చుంటారా, మొదటిసారి ఉచితం, తర్వాత ఎంతో కొంత ఇవ్వండి అని. విట్‌మోర్ పుస్తకం ఒకటి చదువుకుని మొదలుపెట్టండి. పదిమంది దొరకకపోతే ఆ విషయం రెండు లక్షలు కట్టక ముందే తెలియడం మంచిది. 100 గంటలు పూర్తి చేయాల్సింది కూడా ఇలాంటి మనుషులతోనే. దొరికితే, వాళ్లలో ఎందరు రెండోసారి వచ్చారో, ఎందరు డబ్బులు ఇచ్చారో చూడండి. మీ మనసు ఎలా ఉందో కూడా చూసుకోండి. గంటసేపు మరొకరి మాట వింటూ కూర్చోవడం కొందరికి ఊపిరాడని పని. అది తప్పేమీ కాదు. వాళ్లు బోధించడంలోనో, సలహాదారుగానో రాణించవచ్చు, దానికి ఈ సర్టిఫికేట్ అవసరమే లేదు.

మూడు నెలలు ఇలా చేసి, ఇంకా చేయాలనిపిస్తే, ఎక్కడో తడబడుతున్నానని, ఎవరైనా విని సరిదిద్దితే బాగుండునని అనిపిస్తే, అప్పుడు సంస్థల వివరాలు తెప్పించుకోండి. ఆ కోర్సు చేసినవాళ్లలో, సంస్థ చూపించినవారిని కాకుండా మీరే వెతికి పట్టుకున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. ఇప్పుడు వారానికి ఎన్ని గంటల పని దొరుకుతోందని నేరుగా అడగండి. మధ్యలో మానేస్తే డబ్బు ఎంత వెనక్కి ఇస్తారో సంస్థతో కాగితం మీద రాయించుకోండి. తగ్గింపు గడువు ఈ ఆదివారంతో ముగుస్తుందని తొందరపెడితే ముగియనివ్వండి, వచ్చే నెల ఇంకో బ్యాచ్ ఉంటుంది.